గేదెలు తాగే నీళ్ళు

ఆ కాగితం నా బల్ల మీదికే ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నరసరావుపేటలో మా డిగ్రీ కాలేజీకి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు నాకు చూపిస్తారు. నాకు తెలివెక్కువని కాదు, వంకలు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని. స్టాఫ్ రూముకు కొత్త కుర్చీలు వచ్చినప్పుడు అందులో ఒకదాని కాలు పొట్టిదని గంటలోపే తేల్చింది నేనే.

"మేడమ్, ఇదేదో ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం అంట. కాలేజీలన్నీ తమ ప్రయోగాల అంకెలు అందులో పెట్టి, లెక్కలు కూడా అందులోనే కట్టుకోవాలంట. తీసుకోవాలా వద్దా అని కొన్ని కాలేజీలను వాడి చూసి చెప్పమన్నారు. ఒక నెల వాడి, నాలుగు మంచి మాటలు రాసి పంపండి," అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"మంచి మాటలే రాయాలంటే నెల వాడటం దేనికండీ? ఇప్పుడే రాసిస్తాను."

ఆయన నవ్వి, కాగితానికి కుట్టి ఉన్న అభిప్రాయాల ఫారం చూపించి వెళ్ళారు. చాలా ఏళ్ళుగా నన్ను భరిస్తున్న మనిషి, పాపం.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. దాన్ని ఫెయిల్ చెయ్యాలని నేను వాడకముందే నిశ్చయించుకున్నాను. కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ నా అంకెలన్నీ నా ఎక్సెల్ షీట్లలోనే ఉన్నాయి. వాటి పాస్‌వర్డ్ నా ఒక్కదానికే తెలుసు. నా తప్పులు నేనే చేసుకుని, నేనే దిద్దుకుని, ఎవరికీ చెప్పకుండా హాయిగా బతుకుతున్నాను. ఇప్పుడు ఊరందరూ వచ్చి నా షీట్లో తొంగిచూస్తారంటే ఒళ్ళు మండింది.

నాకు సాయంగా స్టాటిస్టిక్స్ లెక్చరర్ను ఇచ్చారు. మాచర్ల మనిషి, ముప్పై దాటినవాడు, కంప్యూటరంటే ప్రాణం. మొదటిరోజే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మేడమ్, చానా తేలిక. ఒకళ్ళు పెట్టిన అంకెల్ని ఇంకొకళ్ళు తెరిచి చూడొచ్చు, ఆ లెక్కనే మళ్ళీ కట్టొచ్చు, తప్పుంటే పక్కన రాయొచ్చు. ఉమ్మడి వంటిల్లు అనుకోండి."

"ఉమ్మడి వంటింట్లో ఏమవుతుందో నీకు పెళ్ళయ్యాక తెలుస్తుందిలే నాయనా."

ఏమవుతుందో రెండోరోజే నాకు తెలిసొచ్చింది. పాత అంకెలు కొన్ని పెట్టి సగటు కడుతున్నాను. తెర మీద నాది కాని బాణం గుర్తొకటి, ఆకుపచ్చ రంగులో, నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి నా లెక్క మీద ఆగింది. దాని పక్కన అక్షరాలు పడ్డాయి. ఎక్కడో శ్రీకాకుళం వైపు కాలేజీ ఆయన. "మేడమ్, ఖాళీ గళ్ళు కూడా సున్నాలుగా కలుస్తున్నాయి, చూసుకోండి." చూసుకున్నాను. నిజమే, కలుస్తున్నాయి. ఆయన చెప్పింది తప్పయితే నాకు అంత కోపం వచ్చేది కాదు. ఆ రోజే ఫారం తీసి, 'మీకు నచ్చని అంశాలు' అన్నచోట అరపేజీ నింపేశాను.

ఉత్తుత్తి అంకెలతో ఎంతకాలం ఆడతాం అని, అసలైన పరీక్షకు బోరు నీళ్ళను ఎంచుకున్నాం. మా పల్నాడులో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. దాన్ని కొలిచే మీటరు మా ల్యాబులో ఉంది. మేము పని మొదలుపెట్టిన వారానికే తాగునీటి శాఖ నుంచి ఒక మాట వచ్చింది. కాలేజీలు ఈ ప్లాట్‌ఫాంలో పెట్టే అంకెలు చూసి, సాగర్ నీళ్ళ పైపులైను ముందుగా ఏ ఊళ్ళకు వెయ్యాలో నెలాఖరుకు జాబితా తయారు చేస్తారట. ఈ మాట నేను స్టాటిస్టిక్స్ అబ్బాయికి చెబుతుంటే, సింకు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

అక్కడ ఫ్లాస్కులు కడుగుతున్నది మా ల్యాబు అటెండరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, నేను అక్కా అంటాను. ఆమెది నూజెండ్ల మండలంలో ఒక చిన్న ఊరు. ఉద్యోగం కోసం పేటలో గది తీసుకుని ఉంటుంది. కొడుకు క్వారీలో పని చేస్తాడు, కోడలూ మనవరాలూ ఊళ్ళోనే. పుట్టినప్పటి నుంచీ ఆ ఊరి బోరు నీళ్ళే తాగింది కాబట్టి అక్క పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. సబ్బుతోనూ పోవు, సిగ్గుతోనూ పోవు అంటుంది తనే.

చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, "మేడమ్, మా ఊరు గూడా రాయండి," అంది.

"రాద్దాం అక్కా. నీళ్ళు తెప్పించు."

"నా పళ్ళు ఎట్టాగూ పోయినయ్యి. దానియ్యి ఇంకా రాలేదు గదా."

దానియ్యి అంటే మనవరాలివి. నాలుగేళ్ళ పిల్ల. పాలపళ్ళు నోట్లో ఉండగానే వాటి కింద, చిగుళ్ళ లోపల అసలు పళ్ళు తయారవుతుంటాయని, ఆ కాలంలో తాగే నీళ్ళను బట్టే వాటి మీద చారలు పడటమో పడకపోవడమో ఉంటుందని ఎప్పుడో నేనే ఆమెకు చెప్పాను. అది గుర్తుపెట్టుకుంది. మంచినీళ్ళు ఇప్పుడొస్తే పిల్ల పళ్ళు చాలావరకు దక్కుతాయి. నాలుగేళ్ళు ఆలస్యంగా వస్తే పైపులైను ఉంటుంది, పళ్ళకు మాత్రం ఆ చారలే ఉంటాయి. ఆ మాట నేను పైకి అనలేదు. అక్క అప్పటికే వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

ఆ సాయంత్రమే కోడలికి ఫోన్ చేసి, ఇంటింటికీ తిరిగి ఒక్కో సీసా బోరు నీళ్ళు పట్టించి, సీసా మీద ఇంటిపేరు రాయించి పంపమంది. మూడోరోజు వినుకొండ బస్సులో రెండు సంచులు వచ్చాయి. ఇరవై రెండు సీసాలు. తళతళలాడుతున్నాయి. కొన్నింటికి మూత మీద గుడ్డ కట్టి, దారం చుట్టి మరీ పంపారు. అంత మర్యాదగా వచ్చిన నమూనాలను నా సర్వీసులో చూడలేదు. మా ఊళ్ళ జనం ఇంత శ్రద్ధగా ఉంటారని తెలియక అన్నాళ్ళూ తిట్టుకున్నానే అని కాస్త బాధ కూడా పడ్డాను.

ఫ్లోరైడు నేను కొలిచాను. మిగతావి, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చెప్పే టీడీఎస్ లాంటివి, అక్క మీటరు ముంచి చదువుతుంటే అబ్బాయి నేరుగా ప్లాట్‌ఫాంలో ఎక్కించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అబ్బాయి ఒక మీట నొక్కాడు. మండలం పటం వచ్చింది, దాని మీద అక్క ఊరు వచ్చింది. చిలకపచ్చ రంగులో వెలుగుతోంది.

"పచ్చగా ఉందంటే మంచిదేనా మేడమ్?"

నేను మీటరు వైపు తిరిగాను. అబ్బాయే చెప్పాడు. "ఫ్లోరైడు చానా తక్కువుంది పెద్దమ్మా. మీ ఊరి నీళ్ళు నిక్షేపంలా ఉన్నయ్యి. ఈ లెక్కన పైపు మీకు అక్కర్లేదు."

అక్క ఆ పటం మీదికి వంగి చూసింది. తర్వాత చూపుడు వేలు తన ముందు పళ్ళ మీద పెట్టుకుని అడిగింది.

"మరి ఇయ్యి యాడియ్యి?"

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మీటరును తెలిసిన ద్రావణాలతో రెండుసార్లు సరిచూశాను. మీటరు బాగానే ఉంది. నా చేతిలో తప్పు లేదు. ఇక తప్పు ఎవరిది? ప్లాట్‌ఫాందే. ఫారం తీసి అరపేజీని రెండు పేజీలు చేశాను. 'ప్రజల ప్రాణాలతో చెలగాటం' అని కూడా రాశాను. అబ్బాయి వెనక నుంచి చదివి గొణిగాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మేడమ్. మనం ఏం పెట్టామో అదే చూపించింది గదా."

"అయితే అక్క పళ్ళు అబద్ధమా?"



మర్నాడు తెరిచేసరికి ఆకుపచ్చ బాణం మళ్ళీ వచ్చిపోయినట్టుంది. శ్రీకాకుళం ఆయన మా అంకెల పక్కన ఒక వాక్యం వదిలారు. "చిన్న సందేహం మేడమ్, ఇరవై రెండు బోర్లలోనూ ఒకటే నీళ్ళా?" నేను వెంటనే జవాబు కొట్టాను. "మా పల్నాడు బోర్లన్నీ అక్కచెల్లెళ్ళు. మీ పని మీరు చూసుకోండి." అలా పక్కన రాసిన మాటను తీసెయ్యడానికి వీల్లేదని అప్పుడు నాకు తెలియదు. అది ఇవాళ్టికీ అక్కడే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు.

జవాబు కొట్టాక గానీ నేను టీడీఎస్ వరుస చూడలేదు. చూసేసరికి నెత్తిన చెంబెడు నీళ్ళు పోసినట్టయింది. అటువైపు బోరు నీళ్ళలో ఉప్పులు ఎంతుంటాయంటే, కాచిన గిన్నెకు తెల్లగా పెచ్చు కడుతుంది. ఈ సీసాల్లో దాదాపు ఏమీ లేవు. అన్నింటిలోనూ ఒకే లేమి. అలాంటి నీళ్ళు భూమిలోంచి రావు, వాటర్ ప్లాంటులోంచి వస్తాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకు 'అన్ని వరుసలూ చూడండి' అని చెవినిల్లు కట్టుకుని చెప్పినదాన్ని, నేనే ఒక వరుస చూసి కోపం తెచ్చుకున్నాను. కోపంలో ఉన్నప్పుడు నాకు ఒక వరుసే కనిపిస్తుంది. ఇది మావారు ఎప్పటి నుంచో చెబుతున్న మాటే.

ఆదివారం ముగ్గురం వినుకొండ బస్సెక్కి, అక్కడ దిగి ఆటో మాట్లాడుకుని అక్క ఊరు వెళ్ళాం. కోడలు మంచం వాల్చి, స్టీలు గ్లాసుల్లో చల్లటి నీళ్ళు తెచ్చింది. గది మూలలో స్టూలు మీద కుళాయి ఉన్న క్యాను ఉంది. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. ఆ ఇంట్లో అంత గౌరవంగా ఉన్న వస్తువు ఇంకొకటి కనిపించలేదు.

"ఇవి ఏం నీళ్ళమ్మా?"

"క్యాను నీళ్ళు మేడమ్. ఆటోలో వస్తయ్యి. మంచియ్యే, తాగండి."

"కాలేజీకి పంపినవి?"

"అయ్యి గూడా ఇయ్యే. మీకు పంపేటప్పుడు బోరుయి ఎట్టా పంపుతాం?"

అక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మంచం అంచున కూలబడింది. "ఏమే, బోరు నీళ్ళేనని నీకు ఎన్నిసార్లు చెప్పా?"

"చెప్పావులే అత్తా. నువ్వు చెప్పావని పంపితే రేపు నలుగురూ నన్నే గదా అనేది. అత్త పనిచేసే కాలేజీకి ఉప్పునీళ్ళు పంపిందంటారు."

గుమ్మం దగ్గర అప్పటికే పదిమంది చేరారు. పక్కింటి ముసలమ్మ ముందుకొచ్చి, "నేనైతే సీసా బూడిదేసి తోమి మరీ పోశా తల్లీ. క్యాను లేనోళ్ళు గూడా ఇరుగింట్లో అడిగి పోశారు," అంది.

"పరీక్ష కోసమేనమ్మా అడిగింది."

"పరీక్షన్నాక మంచి మార్కులు రావొద్దా?"

నాకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. ఆ ఊళ్ళో క్యాను చుట్టాల కోసం. వారానికొకటి కొని, మూతపెట్టి, ఎవరైనా వస్తే పోస్తారు. ఇంట్లోవాళ్ళు బోరు నీళ్ళే తాగుతారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అదే. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఇంట్లో పింగాణీ కప్పులు అద్దాల బీరువాలోంచి చుట్టాలొస్తే తప్ప దిగవు.

"కనీసం పాపకైనా ఆ క్యాను నీళ్ళు పొయ్యొచ్చు కదమ్మా," అన్నాను కోడలితో.

"పోస్తే తాగదు మేడమ్. సప్పగున్నయ్యి అంటది. దానికి బోరు నీళ్ళే రుచి."

పాప గడప మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. చిన్న చిన్న తెల్లటి పాలపళ్ళు.

సరే, ఇప్పుడైనా బోరు నీళ్ళు పట్టివ్వండి అంటే ఒక్కరూ కదలరు. ఆడవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. మగవాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు. మా ఊరి నీళ్ళు పాడని కంప్యూటర్లో ఎక్కిస్తే రేపు మా పిల్లలకు సంబంధాలెట్టా వస్తాయని ఒకాయన. పళ్ళు దాచుకుని సంబంధాలు కుదుర్చుకుంటారా అని అడగబోయి, ఆయన నోరు చూసి ఊరుకున్నాను. జాబితా గురించీ, పైపు గురించీ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. క్లాసులో పిల్లలు వినేంత బాగానే విన్నారు. అంటే వినలేదు.

అప్పుడు అక్క లేచి ఇంటి ముందు బజార్లోకి వెళ్ళి నిలబడింది.

"ఇదుగో, మీ నీళ్ళు ఎవురికీ అక్కర్లేదు. గేదెలు తాగే నీళ్ళు కావాలంట మేడమ్‌కి. తొట్లో పోసే ముందు బోరు కాడ పట్టుకురండి. ఏ గేదె ఎట్టాంటి నీళ్ళు తాగుతందో చూస్తారంట."

అబద్ధం ఒక్కటి లేదు అందులో. గేదెలు తాగేదీ ఆ బోరు నీళ్ళే కదా. క్షణంలో ఊరు కదిలింది. గేదెకు పరువేముంది, అది ఏ నీళ్ళు తాగితే ఎవరికి తలవంపు? పది నిమిషాల్లో సీసాలు, చెంబులు, పాల క్యాన్లు వరసకట్టాయి. ఒకాయన రెండు సీసాలు తెచ్చాడు.

"మీకు రెండు బోర్లున్నాయా?"

"బోరు ఒకటే. గేదెలు రెండు గదమ్మా."

రెండూ తీసుకున్నాను. స్టాటిస్టిక్స్ అబ్బాయి మురిసిపోయాడు, ఒకే బోరుకు రెండు నమూనాలుంటే మన కొలత ఎంత నిలకడగా ఉందో తెలుస్తుందట. ఆ గేదెల పుణ్యాన మా ప్రయోగానికి పద్ధతి కూడా కుదిరింది.

సోమవారం కొలిచాం. ఈసారి అన్ని వరుసలూ చూశాను. కొన్ని బోర్లలో ఫ్లోరైడు ఉండాల్సినదానికి రెండింతలు దాటింది. పటం మీద ఊరు ఎర్రగా మారింది. అక్క ఆ ఎరుపు చూసి తృప్తిగా తలాడించింది. సొంత ఊరి నీళ్ళు చెడ్డవని తేలినందుకు అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

అయితే పాత ఇరవై రెండు అంకెలు ఇంకా అక్కడే ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారు మెల్లగా నా గదికొచ్చారు.

"పాతవి తీసేసి, ముందు నుంచీ ఇవే ఉన్నట్టు పెట్టేద్దాం మేడమ్. కాలేజీ పరువు కదా."

"తీసేసినా ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో అందులో ఉండిపోతుందండీ. కారణం రాయకపోతే అసలు కదలనివ్వదు."

 "మరి అది లోపమే కదా. ఫారంలో లోపమని రాయండి."

పాపం, ఆయనా క్యాను నీళ్ళే పొయ్యాలనుకున్నారు. ఆ నెలలో మొదటిసారి ప్లాట్‌ఫాం పక్షాన నిలబడి పోట్లాడాను. నాకే విచిత్రంగా ఉంది.

పాత అంకెల్ని ఉన్నచోటే ఉంచి, కొట్టివేసినట్టు గుర్తు పెట్టాం. కారణం ఎవరు రాయాలి? నేను ఇంగ్లీషులో 'నమూనా సేకరణలో పొరపాటు' అని మొదలుపెట్టాను. అబ్బాయి వద్దన్నాడు. తెచ్చింది పెద్దమ్మ, ఇదేంటని ముందు అడిగింది పెద్దమ్మ, ఆమె పేరు మీదే ఉండాలన్నాడు. ఖాతా తెరుస్తుంటే 'మీరెవరు' అన్నచోట మూడే మాటలున్నాయి: పరిశోధకులు, విద్యార్థి, అతిథి. అటెండరు అనే మాటే లేదు. అతను పరిశోధకులు నొక్కాడు. అక్క చెబుతుంటే అతను టైపు చేశాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

"ఇయ్యి సుట్టాలకిచ్చే నీళ్ళు. మేం తాగేవి కిందున్నయ్యి."

మధ్యాహ్నానికి దాని కింద ఆకుపచ్చ బాణం ఆయన రాశారు. "అర్థమైందమ్మా. మా వైపు కూడా ఇంతే అయి ఉంటుంది. మళ్ళీ పట్టిస్తాను." నేను ఆయనకు క్షమాపణ రాశాను. అక్కచెల్లెళ్ళ మాట పక్కనే అదీ ఉంది.

ఫారం మళ్ళీ మొదటి నుంచీ నింపాను. ఫిర్యాదులు మానలేదు. మా కాలేజీ నెట్‌తో అది తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చని రాశాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయని రాశాను. 'తీసుకోమంటారా' అన్న చివరి ప్రశ్నకు మాత్రం తీసుకోండి అని రాసి, సీసా తెచ్చినవాళ్ళకు కూడా ఖాతా ఇవ్వండి అని కింద గీత గీశాను. ప్రిన్సిపాల్‌గారు చదివి, నేను ఒకదాన్ని బాగుందనడం ఇదే మొదలని రెండుసార్లు సంతకం సరిచూసుకున్నారు.

అక్క ఊరు జాబితాలోకి ఎక్కింది. ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకు చేతకాదు. కానీ ఎక్కేముందు ఒకరోజు తాగునీటి శాఖ అధికారి ఒకాయన, పచ్చగా ఉన్న ఊరు వారంలో ఎర్రగా ఎట్లా మారిందో కళ్ళారా చూస్తానని వచ్చారు. నేనూ అక్కా తోడు వెళ్ళాం. ఎండ మండిపోతోంది. ఆయన మంచం మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, కోడలు క్యాను మీద గుడ్డ తీసింది.

అక్క ఆమెను చేత్తో ఆపింది. వరండాలో ఉన్న బోరు నీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళి, గ్లాసు ముంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇయ్యి మేం తాగేవి సార్."

పక్కింటి ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంత పని చేశావే," అంది. ఆయన గ్లాసు వంక చూశారు. అక్క నోటి వంక చూశారు. కాగితాల్లోని అంకెలు ఆయనకు తెలుసు. గ్లాసు పైకెత్తలేదు, కింద పెట్టనూ లేదు. మర్యాద ఒకవైపు, భయం ఒకవైపు, పాపం మధ్యలో ఆయన.

అంతలో పాప ఎండలో ఆడి ఆడి, ఒగర్చుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఎవరి గ్లాసో చూసుకోలేదు. ఆయన చేతిలోంచి లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని, ఒక్క గుక్కలో తాగేసింది. నేను చెయ్యి చాపేలోపే అయిపోయింది. చాపి మాత్రం ఏం చేస్తాను, అది రోజూ తాగే నీళ్ళే.

మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు వాళ్ళ నాయనమ్మ ముందు పెట్టి, "ఇంకా," అంది.

అక్క అలవాటు కొద్దీ గ్లాసు అందుకుని బిందె మీదికి వంగింది. వంగి, ముంచకుండా అట్లాగే ఉండిపోయింది.